ఉన్ని బంతి, మా మిద్దె మీది మిరపకాయలు

పాకాలలో మస్తానన్న కారం మిల్లుకు మీరెప్పుడైనా వెళితే, గల్లాపెట్టె వెనక గోడ మీద ఒక ఫొటో కనిపిస్తుంది. ఐదుగురు మనుషులు, మధ్యలో ఒక కప్పు. నలుగురు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటారు. ఐదోవాడు మాత్రం కప్పును కావలించుకుని భోరుమని ఏడుస్తుంటాడు. కారం పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఆ ఫొటో చూసి, "గెల్సిన సంతోషానికి ఏడ్సేసినాడు పాపం, ఎంత మంచి మనసో సూడు" అంటారు.

ఆ మంచి మనసు నాదే. ఏడ్చిన మాటా నిజమే. సంతోషమన్నది మాత్రం అబద్ధం. ఆ రోజు నా తెలివితేటల పుణ్యమా అని అవతలి జట్టు ఆటగాళ్లు, ఒక అంపైరు, ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు ముక్కులు చీదుకుంటూ నానా తంటాలు పడ్డారు. మా ఊరి ఆటస్థలం మామిడికాయల లారీల పాలు కాబోయి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఇంత నాశనం ఒక్క మనిషి, అందులోనూ సదుద్దేశంతో చేయగలడని మీకు అనుమానంగా ఉంటే, చివరిదాకా వినండి.

అప్పట్లో నేను తిరుచానూరులో ఒక లాడ్జిలో రిసెప్షన్ గుమాస్తాని. పొద్దున రైల్లో పోవడం, సాయంత్రం పాకాలకు తిరిగి రావడం, వచ్చీ రాగానే రాకెట్ పట్టుకుని స్టేషన్ వెనక గ్రౌండుకు పరిగెత్తడం. ఆట బాల్ బ్యాడ్మింటన్. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జట్టుకు ఐదుగురు, మధ్యలో వల, పసుపు రంగు ఉన్ని బంతి. బంతి నేల తాకకుండా అవతలికి కొడుతూ ఉండాలి. షటిల్ ఆడేవాళ్లు మమ్మల్ని కాస్త చిన్నచూపు చూస్తారు. మేము వాళ్లను అసలు చూడం.

మా లాడ్జికి ఒకసారి బెంగళూరు నుంచి ఒక పెద్దాయన అమ్మవారి దర్శనానికి వచ్చాడు. కారు డిక్కీలో సూట్‌కేసుల పక్కన పొడుగాటి సంచీ, దాన్నిండా ఇనప కర్రలు, రకరకాల బంతులు. ఆయన గోల్ఫ్ ఆడతాడట. సంచీ పైకి మోయించాక ఊరికే ఉండలేక అడిగాను.

"సార్, అందులో అన్ని బంతులెందుకు? అన్నీ ఒకటే కదా?"

ఆయన నావైపు జాలిగా చూశాడు. గది తాళం పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దర్శనం సంగతి మరిచిపోయాడనుకుంటాను.

"చూడు బాబూ, ఇది గట్టి బంతి. కొడితే దూరం పోతుంది, కానీ ఆగమంటే ఆగదు. ఇది మెత్తది. దీని పైతొడుగు కర్రను పట్టుకుంటుంది. తిప్పితే తిరుగుతుంది, పడినచోట నిలబడుతుంది. జోరుగా కొట్టేవాడికి ఒక బంతి, ఒడుపుగా కొట్టేవాడికి ఇంకో బంతి. పక్కవాడు కొన్నాడని మనం కొనకూడదు. ముందు మన దెబ్బ ఏదో తెలుసుకోవాలి. ఆటలో సగం బంతిని ఎంచుకోవడంలోనే ఉంది."

లిఫ్టు ఎక్కబోతూ ఇంకో మాట కూడా అన్నాడు. అప్పటికే నా తల నిండిపోయి ఉండటంతో దాన్ని లోపలికి రానివ్వలేదు. ఆ మాట తర్వాత వస్తుంది. గుర్తుపెట్టుకోండి.

వెళుతూ వెళుతూ నాకొక గోల్ఫ్ బంతి బహుమతిగా ఇచ్చాడు. ఇంటికి తెస్తే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మవారు పోసినట్ల ఈ గుంతలేందిరా దీనికి?" అంది. నాయన మాత్రం దాన్ని కాలి కింద వేసుకుని దొర్లిస్తే మడమ నొప్పికి భలే హాయిగా ఉందని తన మంచం కిందే ఉంచేసుకున్నాడు. బంతి పోయినా జ్ఞానం మిగిలింది. జ్ఞానమే కొంప ముంచింది.

ఇక మా జట్టు. కెప్టెన్ మస్తానన్న, ఆయన ముగ్గురు తమ్ముళ్లు, నేను. ఆ అన్నదమ్ములది తాతల నాటి నుంచి కారం, మసాలాల వ్యాపారం. నలుగురూ మిల్లులోనే పుట్టి మిల్లులోనే పెరిగారన్నట్టు ఉండేవాళ్లు. మిల్లు ఆడుతున్నప్పుడు మనలాంటివాడు గుమ్మంలో అడుగు పెడితే ప్రాణం గొంతులోకి వస్తుంది. వాళ్లు అందులోనే చాప పరుచుకుని భోంచేస్తారు. నలుగురూ అద్భుతమైన ఆటగాళ్లు. మరి నేను జట్టులో ఎలా ఉన్నానంటారా? గ్రౌండు మా మామది.

మా అమ్మ తమ్ముడు జయరామ మామ. స్టేషన్ వెనక ఆయన ఖాళీ స్థలంలోనే మేము ఏళ్ల తరబడి ఆడుతున్నాం. ఆ ఏడు ఒక మామిడి మండీ యజమాని వచ్చి, సీజన్‌లో లారీలు నిలుపుకోవడానికి, కాయలు గ్రేడింగ్ చేయడానికి ఆ స్థలం కావాలని మామను అడిగాడు. మామకు ఆశ పుట్టింది. మేమంతా వెళ్లి బతిమాలాం.

"సరేప్పా, మీరేమన్నా గొప్పోల్లని నాకు తెలియాల గదా," అన్నాడు మామ మీసం దువ్వుతూ. "ఈ తూరి టోర్నమెంటు మన గ్రౌండులోనే జరుగుతాది. కప్పు గెల్సండి. స్థలం మీదే, నేను నోరెత్తను. ఓడిపోతే మాత్రం ఉగాదినాడు వల ఊడబెరికేస్తా. లారీలొస్తాయి."

"ఆడ పిలకాయలు గూడా ఆడుకుంటా ఉండారు మామా," అన్నాన్నేను.

"పిలకాయలు రోడ్డు మీద ఆడుకుంటారులే."

 బయటికొచ్చాక మస్తానన్న నా భుజం మీద చెయ్యి వేసి, "శేఖరా, ఈ గ్రౌండు పోతే నేను ముసలోడైపోతానురా. సాయంత్రమైతే యాడికి పోవాల నేను?" అన్నాడు. ఆయన గొంతు అలా వినడం నాకదే మొదటిసారి. ఏదో ఒకటి చేసి తీరాలని నాకు కసి పుట్టింది. ఏమీ చేయకుండా ఉండి ఉంటే ఎంత బాగుండేదో.

మామ గురించి ఇంకొక్క ముక్క చెప్పాలి. ఆయనకు తుమ్మంటే హడల్. బయలుదేరబోతుంటే ఎవరైనా తుమ్మారా, అంతే. చెప్పులు విప్పి లోపలికొచ్చి, కూర్చుని, చెంబుడు నీళ్లు తాగి, కాసేపయ్యాక గానీ కదలడు. ఒకసారి కాట్పాడి రైలు ప్లాట్‌ఫారం మీద ఉండగా, ఆయన మెట్టు మీద కాలు పెట్టగానే లోపల ఎవరో తుమ్మారు. కాలు వెనక్కి తీసేసుకున్నాడు. రైలు వెళ్లిపోయింది. "పోనీ. పిలిసి సెప్పింది దేవుడు" అని ఇంటికొచ్చేశాడు.

ఇక బంతి సంగతి. మా వైపు టోర్నమెంట్లలో ఒక పద్ధతి ఉంది. రెండు జట్లూ చెరొక డబ్బా కొత్త బంతులు తెచ్చి అంపైరు బల్ల మీద పెడతాయి. టాస్ గెలిచినవాళ్లు కోర్టు కానీ బంతి కానీ, ఏదో ఒకటి కోరుకోవచ్చు. వాళ్లు కోర్టు కోరుకుంటే బంతి ఎంపిక రెండోవాళ్లది. మా ఊళ్లో అప్పటిదాకా డబ్బాలో ఏముందో కూడా ఎవరూ పట్టించుకునేవాళ్లు కారు. నేను పట్టించుకున్నాను.

"అన్నా, ఫైనలుకు వచ్చేది సత్యవేడోల్లే," అని మిల్లులో మస్తానన్నకు పాఠం మొదలుపెట్టాను. "వాళ్లది ఒట్టి జోరు. దడాదడా బాదేది. వాళ్లకు గట్టి బంతి కావాల. మనది ఒడుపు. కోసి కొట్టి వల పక్కన రాల్చేది. మనకు మెత్తంది కావాల. ఉన్ని బాగా విచ్చుకోని, రాకెట్ నరాలను పట్టుకునేటట్ల ఉండాల."

"ఇదంతా ఎవురు సెప్పినార్రా నీకు?"

"గోల్ఫాయన."

"ఆయనెవురు? మన జిల్లా టీమా?"

"కాదన్నా. బెంగుళూరు."

బెంగళూరనగానే మస్తానన్న మెత్తబడ్డాడు. ఆయనకు ఆ ఊరి మీద గౌరవం. బంతుల డబ్బా నా చేతిలో పెట్టి, "నీ ఇష్టం. నువ్వే సూసుకో" అన్నాడు. అలా నేను బంతుల శాస్త్రవేత్తనయ్యాను.

డబ్బా తెరిచి చూస్తే ఉన్ని చెమ్మగా, అణిగిపోయి ఉంది. ఎండబెట్టాలి. బాగా ఎండితే ఉన్ని విచ్చుకుంటుందని నా సిద్ధాంతం. మిద్దె మీదికి తీసుకెళ్లి గోనెపట్టా మీద వరసగా పెట్టాను. పెట్టి ఇలా తిరిగానో లేదో, పిట్టగోడ మీద ఒక కోతి ప్రత్యక్షం. పసుపు పచ్చటి ఉన్ని బంతిని అది ఏ పండు అనుకుందో ఏమో, నావైపు చూసి, బంతుల వైపు చూసి, మళ్లీ నావైపు చూసింది. నేను చెప్పు విసిరాను. చెప్పు పట్టుకుని వెళ్లిపోయింది. అది స్నేహితులను పిలుచుకొస్తుందని నాకు తెలుసు.

అప్పుడు వచ్చిందండీ నాకు ఆ ఆలోచన. మిద్దె మీద రెండో వైపు అమ్మ మిరపకాయలు ఎండబోసింది. మా చేలో పండినవే, ఎర్రగా, కుప్పగా. కోతులు వడియాలు ఎత్తుకుపోతాయి, ఊరగాయ జాడీలు దొర్లిస్తాయి, ఆరేసిన చొక్కాలు తొడుక్కున్నంత పని చేస్తాయి. మిరపకాయల కుప్ప జోలికి మాత్రం రావు. అంతకన్నా గట్టి కాపలా ఎక్కడ దొరుకుతుంది? బంతులన్నీ తీసుకెళ్లి మిరపకాయల కుప్పలో పాతిపెట్టాను. చేతులు దులుపుకుని, నా తెలివికి నేనే మురిసిపోతూ కిందికి దిగాను.

మిరపకాయలను రోజూ కలియబెట్టాలి కదా. అమ్మ రోజూ కాళ్లతో బాగా నలియబెట్టి తిప్పేది. పైకాయ కిందికి, కిందికాయ పైకి, మధ్యలో నా బంతులు. టోర్నమెంటు ముందురోజు వాటిని బయటికి తీస్తే ఉన్ని చక్కగా విచ్చుకుని, కోడిపిల్లల్లా బొద్దుగా ఉన్నాయి. అక్కడక్కడా ఎర్రటి నలుసులు కనిపిస్తే పాత పళ్ల బ్రష్ తెచ్చి శ్రద్ధగా రుద్దాను. నలుసులు మాయమయ్యాయి. ఎక్కడికి మాయమయ్యాయో ఆలోచించే తీరిక శాస్త్రవేత్తకు లేదు. లోపలికి వెళ్లాయండీ. ఉన్నిలోకి.

"తుమ్ముకుంటా బంతులకు పళ్లు తోముతాండావేందిరా?" అంది అమ్మ.

"మిరపకాయల కాలంలో ఇంట్లో ఎవురు తుమ్మకుండా ఉండార్లేమ్మా," అన్నాను. ఆ ఒక్క ముక్క మీదైనా నేను ఆగి ఆలోచించి ఉండవచ్చు. ఆలోచించలేదు.

ఆ డబ్బాను ఫైనలు కోసమే దాచి ఉంచాను. నేను చెప్పినట్టే ఫైనలుకు సత్యవేడు వచ్చింది. వాళ్ల కెప్టెన్ దొరవేలు నిలువెత్తు మనిషి. సరిహద్దు ఊరు కావడంతో మాటల్లో అరవం ఎక్కువ. అంపైరు ఢిల్లీబాబు సారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, మహా నిక్కచ్చి. ముందు వరసలో మధ్య కుర్చీలో జయరామ మామ. ఆయన పక్కనే మామిడి మండీ యజమాని, చేతిలో టేపు పట్టుకుని. గ్రౌండు ఆయన అప్పుడే కొలిచేసుకుంటున్నట్టు నాకనిపించి కడుపు మండింది.

టాస్ దొరవేలు గెలిచాడు. మిట్టమధ్యాహ్నం దాటిన ఎండ కళ్లలో పడుతోందని, "మాకు ఆ పక్క కోర్టు ఇయ్యండి" అన్నాడు. అంటే బంతి మాది! నా గుండె ఉప్పొంగింది. మా డబ్బాలోంచి ఒక బంతి తీసి మస్తానన్న చేతిలో పెట్టాను. ఆయన నొక్కి చూసి, "శభాష్ రా, పువ్వు మాదిరి ఉండాది" అన్నాడు. నా జీవితంలో నన్నెవరైనా అంత గర్వంగా చూసిన క్షణం మళ్లీ రాలేదు.

ఆట మొదలైంది.

మస్తానన్న మొదటి సర్వీసు కొట్టగానే బంతి మీద సన్నగా ఎర్రటి ఆవిరిలాంటిది లేచింది. ఎండలో భలే అందంగా ఉందనుకున్నాను. దొరవేలు తన అలవాటు ప్రకారం బలమంతా పెట్టి బాదాడు. ఎంత గట్టిగా బాదితే అంత కారం రాలుతుందన్న సంగతి అతనికి మాత్రం ఏం తెలుసు? రెండో దెబ్బకు అతను ఆగి, కళ్లు నులుముకున్నాడు. మూడో దెబ్బకు వాళ్లలో ఒకడు తుమ్మాడు. ఆ తర్వాత వాళ్ల కోర్టంతా తుమ్ములే.

"ఎన్నప్పా ఇది! కన్ను మండతాందే!"

"గాలిలో ఏందో ఉండాది సారూ! ఆ... ఆ... హాఛ్!"

ఢిల్లీబాబు సారు నోట్లో విజిల్ పెట్టుకుని ఉన్నాడు. ఆయనకు తుమ్ము వచ్చినప్పుడల్లా విజిల్ దానంతటదే మోగేది. విజిల్ మోగితే ఆట ఆగాలి. ఆగేది. "ఎందుకు సార్ ఆపినారు?" అని ఆటగాళ్లు అడిగేవాళ్లు. "నేను ఆపలేదు, కానివ్వండి" అనేవాడాయన కళ్లు తుడుచుకుంటూ.

మా వైపు చూస్తే మస్తానన్న, ఆయన తమ్ముళ్లు కులాసాగా, ఉదయం పూట పార్కులో తిరుగుతున్నట్టు ఆడుతున్నారు. కారం వాళ్లకు గాలితో సమానం. బంతి వాళ్ల రాకెట్లను పట్టుకుని, తిరిగి, వల పక్కన మెత్తగా రాలుతోంది. నా సిద్ధాంతం అక్షరాలా నిజమైంది! కానీ దాన్ని చూసి ఆనందించడానికి నాకు కళ్లు ఏవీ? ఐదోవాణ్ణి నేను మిల్లులో పుట్టినవాణ్ణి కాదు కదా. కళ్లలోంచి, ముక్కులోంచి ఒకటే ధార.

"మన శేఖరు సూడు, ఊరి గ్రౌండు కోసరం ఎట్ల ఏడస్తా ఆడతాండాడో," అని గట్టు మీద ఎవరో ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకున్నారు. తర్వాత వాళ్లు కూడా తుమ్మారు.

మొదటి గేమ్ మాదే. గ్రౌండంతా ఈలలు. మామకు నీళ్ల సీసా మీద సీసా తెచ్చి ఇస్తున్నారు. ఎందుకంటే తుమ్ము వినపడినప్పుడల్లా ఆయన నీళ్లు తాగాలి.

విరామంలో మస్తానన్న బంతిని చేతిలోకి తీసుకుని చెమట తుడుచుకోబోయి ఆగిపోయాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలుక చివర తాకించాడు. నెమ్మదిగా నావైపు తిరిగాడు.

"శేఖరా, మీ అమ్మ మిరపకాయలు యాడ ఎండబోసింది?"

"మిద్దె మీదన్నా."

"బంతులు యాడ పెట్టినావు?"

నేను తుమ్మాను.

"యాడ పెట్టినావురా?"

"మిరపకాయల్లోనే అన్నా. కోతులొస్తాయని..."

ఆయన తమ్ముళ్లు ముగ్గురూ ముందు నోరు వెళ్లబెట్టారు. తర్వాత ఒకరి మీద ఒకరు పడి నవ్వడం మొదలుపెట్టారు. మస్తానన్న నవ్వలేదు. బంతి పట్టుకుని అంపైరు బల్ల వైపు బయలుదేరాడు. నాకు పై ప్రాణం పైనే పోయింది. పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"అన్నా, వద్దన్నా! ఎవురికీ తెలీదు. గేమ్ మనదే అయిపోయింది. ఇంకొక్కటి గెలిస్తే సాలు. గ్రౌండన్నా... లారీలన్నా..."

"కారం అమ్ముకునేది అంగట్లోరా, ఆటలో కాదు," అన్నాడు మస్తానన్న. "ఇట్ల గెల్సిన గ్రౌండులో రేపట్నుంచి నేనెట్ల ఆడేది? పోతే పోనీ."

సిగ్గుతో నా తల నేలకు వంగిపోయింది. ఆయన వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఢిల్లీబాబు సారు నియమం తప్పని మనిషి కాబట్టి స్వయంగా పరీక్షించాలని బంతిని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేకపోయాడు. చివరికి సైగలతోనే తీర్పు చెప్పాడు. మొదటి గేమ్ రద్దు. మా డబ్బా మొత్తం చెల్లదు. సత్యవేడు బంతులతో ఆట మళ్లీ మొదటినుంచి.

దొరవేలు ఎర్రబడ్డ కళ్లతో మా దగ్గరికొచ్చాడు. తంతాడేమో అనుకున్నాను. "నువ్వే వచ్చి సెప్పినావు సూడు, రొంబ నల్ల మనిషప్పా నువ్వు, శానా మంచోడివి," అని మస్తానన్న చెయ్యి ఊపాడు. నావైపు చూసి మాత్రం, "ఈ పిలగాణ్ణి నా కంటికి కనిపించనీకు" అన్నాడు.

సత్యవేడు బంతి రాయిలా ఉంది. ఉన్ని బిగుతుగా, నున్నగా, కొడితే తూటాలా పోతోంది. మావాళ్లు కోసి కొట్టినవన్నీ జారిపోయి గీత అవతల పడుతున్నాయి. మొదటి గేమ్ పోయింది. మామిడి మండీ ఆయన టేపు బయటికి తీశాడు. మస్తానన్న ముఖంలో రక్తం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, లిఫ్టు ఎక్కబోతూ గోల్ఫాయన అన్న మాట. "బంతి మన చేతిలో లేనప్పుడు దెబ్బ మార్చుకోవాలి బాబూ."

"అన్నా! కోసేది ఆపండి!" అని అరిచాను. "ఇది గట్టి బంతి, తిరగదు. బలమంతా దాంట్లోనే ఉండాది. మనం కొట్టే పన్లేదు. రాకెట్ అడ్డం పెట్టి ఊరికే తాకించండి. వాళ్లు బాదే కొద్దీ వాళ్ల బలమే వాళ్ల మీదికి పోతాది!"

"ఇది గూడా కోతుల ఐడియానేనా?" అన్నాడు ఆఖరి తమ్ముడు.

"కాదు. గోల్ఫాయనదే."

మస్తానన్న ఒక్క క్షణం నన్ను చూశాడు. నాలాంటివాణ్ణి రెండోసారి నమ్మడానికి చాలా పెద్ద మనసు కావాలి. ఆయనకది ఉంది. "సరే, కానీ" అన్నాడు. మావాళ్లు రాకెట్లు అడ్డం పెట్టడం మొదలుపెట్టారు. దొరవేలు బాదిన ప్రతి బంతీ అంతే వేగంతో వెనక్కి పోయి వాళ్ల కాళ్ల దగ్గరే పడింది. అతను ఇంకా గట్టిగా బాదాడు. ఇంకా తొందరగా తిరిగొచ్చింది. రెండో గేమ్ మాది! ఈసారి కారం లేదు, మోసం లేదు. గట్టు మీద జనం నిలబడిపోయారు.

మూడో గేమ్ చివర, ఇంకొక్క పాయింటు వస్తే కప్పు మాది. బంతి ఆకాశమంత ఎత్తు లేచి సరిగ్గా నామీదికి వస్తోంది. వల పక్కన, నా తలపైన. దాన్ని బాదాల్సిన బంతి అంటారు. సత్యవేడు వాళ్లందరూ వెనక గీత దగ్గరికి పరిగెత్తి సిద్ధంగా నిలబడ్డారు. నేను రాకెట్ పైకెత్తాను. గుండెల్నిండా గాలి పీల్చాను. అప్పుడు నా ముక్కులో, ఏ మూలో దాక్కుని ఉన్న చిట్టచివరి కారం నలుసు కదిలింది.

హాఛ్!

చెయ్యి ఆగిపోయింది. ఒళ్లంతా ముడుచుకుపోయింది. బంతి రాకెట్ అంచుకు ఏదో మొహమాటానికి తగిలినట్టు తగిలి, వల మీద ఒకసారి కూర్చుని, ఆలోచించుకుని, అవతలివైపు జారి పడింది. వెనక గీత దగ్గర నిలబడ్డ ఐదుగురూ దాన్ని దూరం నుంచి చూస్తూ ఉండిపోయారు.

"తుమ్ము ఫౌల్ సారూ!" అని దొరవేలు అరిచాడు.

ఢిల్లీబాబు సారు విజిల్ తీసి జేబులో పెట్టుకుని, "రూల్సులో తుమ్ము గురించి లేదు. పాయింట్ పాకాలది. కప్పు పాకాలది" అన్నాడు.

మస్తానన్న నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. అప్పుడే తీశారు ఆ ఫొటో. కళ్లు తెరవలేకపోతున్నాను, కప్పు ఎక్కడుందో తడిమి పట్టుకున్నాను.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి. బహుమతులిచ్చేటప్పుడు మామ మైకు ముందుకు వచ్చాడు. ఆయన చూపు మాటిమాటికీ మండీ యజమాని వైపు పోతోంది. నాకు భయమేసింది.

"మన పిలకాయలు బాగా ఆడినారు. సంతోషం. అయితే, మొదట ఆ కారం గొడవ ఒకటి జరిగింది గదా. అందుకని నేనేమనుకుంటాండానంటే, ఈ స్థలం మండీకే ఇచ్చే..."

హాఛ్!

తుమ్మింది నేనే. ఒట్టు, కావాలని కాదు. మామ నోరు టక్కున మూతపడింది. వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. జనమంతా ఎదురుచూశారు. కాసేపటికి మళ్లీ లేచి, గొంతు తగ్గించి, తొందర తొందరగా అన్నాడు.

"నేను సెప్పేదేందంటే, ఉగాది నుంచి లారీల..."

హాఛ్!

మామ మళ్లీ కూర్చున్నాడు. ఈసారి నీళ్లు సగం చొక్కా మీదే పోసుకున్నాడు. మండీ యజమానికీ ఏదో అర్థమైనట్టుంది, టేపును నెమ్మదిగా జేబులోకి తోశాడు. మామ మూడోసారి లేచాడు. నావైపు చూశాడు. మస్తానన్న చూశాడు. దొరవేలు చూశాడు. ఆ గ్రౌండులో ఉన్న ప్రతి మనిషీ నా ముక్కు వైపే చూస్తున్నారు. మామ ఒక్కో మాటా తూచి తూచి అన్నాడు.

"ఈ స్థలం... పిలకాయల ఆటకే... ఉంటాది..."

నా ముక్కు అదిరింది. తుమ్ము కొండలా వస్తోంది. ఇప్పుడు గనక తుమ్మితే అంతా తలకిందులే! మస్తానన్న ఒక్క అంగలో వచ్చి నా ముక్కు గట్టిగా పట్టేసుకున్నాడు. వెనక నుంచి దొరవేలు నా నోరు మూశాడు. ఊపిరాడక కాళ్లు కొట్టుకున్నాను. ఇద్దరూ వదల్లేదు.

గ్రౌండంతా నిశ్శబ్దం. మామ చెవి రిక్కించి విన్నాడు. ఏమీ వినపడలేదు. ఆయన ముఖం విప్పారింది.

"దేవుడు సెప్పినాడప్పా! ఈ స్థలం ఎప్పటికీ ఆటకే!" అని రెండు చేతులూ ఎత్తాడు.

ఆ కేకలు, ఆ ఈలలు తిరుపతి దాకా వినిపించి ఉంటాయి. ఆ సందడిలో నేను వరసగా ఎన్నిసార్లు తుమ్మానో ఎవరికీ తెలియదు. మస్తానన్న నన్ను కావలించుకుని, "ఒరేయ్, నువ్వు చేసిన పనికి నిన్ను సంపాల. నీకోసరం ప్రాణమియ్యాల గూడా" అన్నాడు. నా జీవితంలో అంత పొంగిపోయిన సాయంత్రం ఇంకొకటి లేదు. ఇప్పటికీ రోజూ అక్కడే ఆడుతున్నాం. మా వైపు ఫైనల్స్‌లో అంపైర్లు బంతిని తూకం వేయడానికి ముందు వాసన చూస్తారు. ఆ ఆచారం ఎలా వచ్చిందో కొత్తవాళ్లకు తెలియదు.

ఇక నా ప్రతిజ్ఞ. పాకాల స్టేషన్ వెనక గ్రౌండు సాక్షిగా, నాయన మంచం కింద దొర్లే గోల్ఫ్ బంతి సాక్షిగా, ఇకమీదట నేను ఏ బంతినీ ఎంచుకోను, ఎండబెట్టను, దానికి పళ్లు తోమను. కోతి వచ్చి అడిగితే డబ్బాతో సహా ఇచ్చేస్తాను. మామ ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం జేబులో రెండు ఎండు మిరపకాయలు లేకుండా తిరగను. మండీ ఆయన మొన్న మళ్లీ మామ ఇంటికి వచ్చి వెళ్లాడట.